పికప్ ట్రక్కుకి ఇంట్లోనే ఫైబర్‌గ్లాస్ క్యాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన లెక్కలన్నీ అమెరికాలో తిరిగే ఫుల్ సైజు పికప్‌కి, ఆరున్నర అడుగుల బెడ్‌కి (వెనక సామాను వేసే తొట్టి) సరిపోతాయి. క్యాప్ అంటే ఆ బెడ్ మీద గదిలా బిగించే కప్పు. ఫోమ్ షీట్లతో ట్రక్కు మీదే గూడు కట్టి, దానికి లోపలా బయటా గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) పట్టించే పద్ధతి ఇది. ఇండియాలో చేయాలనుకునేవారికి చివర్లో వేరే ప్రశ్న ఉంది.

అచ్చు చేసుకుని అందులో క్యాప్ తీయడం మంచిది కాదా?

పది క్యాపులు తీయాలంటే అచ్చే మంచిది. ఒక్కదానికైతే దండగ. ముందు నమూనా చేయాలి, దాని మీద అచ్చు తీయాలి, ఆ అచ్చులోంచి క్యాప్ తీయాలి. ఒక పనికి మూడు పనులవుతాయి. పైగా అచ్చులోంచి వచ్చేది ఒంటిపొర పెంకు. అది ఊగకుండా ఉండాలంటే మందం పెంచాలి, మందం పెరిగితే బరువూ పెరుగుతుంది. ఫోమ్ మధ్యలో ఉంటే రెండు పల్చటి గ్లాస్ పొరలూ దూరదూరంగా నిలబడి ఒకదానికొకటి కాపు కాస్తాయి. గట్టిదనం ఆ దూరం నుంచే వస్తుంది. ఎండాకాలం లోపల వేడి తగ్గడం కూడా కలిసొచ్చే లాభం.

ఏ ఫోమ్, ఏ రెసిన్?

ఈ రెండింటినీ విడివిడిగా ఎంచుకోకూడదు. హార్డ్‌వేర్ దుకాణాల్లో గులాబీ రంగులోనో నీలం రంగులోనో దొరికే ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డు (ఓవెన్స్ కార్నింగ్ వారి గులాబీ బోర్డు అందరూ చూసే ఉంటారు) చవక, నీళ్లు తాగదు, కత్తితో సులువుగా తెగుతుంది. కానీ పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది. అది ఎక్స్‌పీఎస్‌నీ థర్మాకోల్‌నీ కరిగించేస్తుంది. కుంచెతో రెసిన్ పూసిన నిమిషాల్లోనే ఫోమ్ గుంటలు పడి కుంగిపోతుంది. వినైల్ ఎస్టర్ రెసిన్‌లోనూ స్టైరీన్ ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు. ఎక్స్‌పీఎస్ వాడితే ఎపాక్సీ ఒక్కటే దారి.

పాలియెస్టరే వాడతామంటే పాలీయురేథేన్ ఫోమ్ గానీ పీవీసీ ఫోమ్ గానీ తీసుకోవాలి. పీవీసీ ఫోమ్ అన్నింటికంటే మేలైనది, ధర కూడా అలాగే ఉంటుంది. మొదటిసారి చేసేవారికి మా సలహా ఎక్స్‌పీఎస్, ఎపాక్సీ జోడీ. గ్యారేజీలో వాసన తక్కువ, అతుకు గట్టిది.

ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వాడొచ్చా?

ఎపాక్సీతో వద్దు. మామూలు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో (నేత లేకుండా తుంచిన గాజు పోగుల్ని అంటించిన చాప) పోగుల్ని పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరిగే రకం. ఎపాక్సీలో స్టైరీన్ లేదు కాబట్టి మ్యాట్ మెత్తబడదు, మూలల్లో వంగదు, రెసిన్ మాత్రం విపరీతంగా తాగుతుంది. చదరపు గజానికి 10 ఔన్సుల నేత గుడ్డ (చదరపు మీటరుకి 340 గ్రాములు) తీసుకోండి. మూలలకీ అంచులకీ 6 అంగుళాల వెడల్పున్న 12 ఔన్సుల బయాక్సియల్ టేప్ వాడండి. అందులో పోగులు ఐమూలగా ఉంటాయి గనక మూల మీద చక్కగా పడుకుంటాయి.

సామాను ఎంత కొనాలి?

పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు, ఎత్తు 55 సెంటీమీటర్లు అనుకుందాం. పైకప్పు, రెండు పక్కలు, ముందు గోడ, వెనక చట్రం కలిపి ఒక వైపు ఉపరితలం సుమారు 6.7 చదరపు మీటర్లు. బయట రెండు పొరలు, లోపల ఒక పొర లెక్కన:

- ఎక్స్‌పీఎస్ 4×8 అడుగుల షీట్లు 4: పైకప్పుకి 2 అంగుళాల మందం, గోడలకి ఒకటిన్నర అంగుళం
- 50 అంగుళాల పన్నా ఉన్న 10 ఔన్సుల గుడ్డ 20 గజాలు
- బయాక్సియల్ టేప్ 35 గజాలు
- ఎపాక్సీ, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే రెండో ద్రవం) కలిపి 4 గ్యాలన్లు
- మైక్రోబెలూన్లు (సన్నటి బోలు పూసల పొడి), ఫ్యూమ్డ్ సిలికా (ఎపాక్సీని చిక్కబరిచే మెత్తటి పొడి) చెరో గ్యాలన్ డబ్బా
- అంచు చట్రానికి అర అంగుళం మెరైన్ ప్లైవుడ్ ఒక షీటు
- పీల్ ప్లై గుడ్డ (పైన పరిచి, ఆరాక ఒలిచేసేది), నైట్రైల్ గ్లవ్స్ పెద్ద పెట్టె, ప్లాస్టిక్ గీకుడు పలకలు, చిన్న నురుగు రోలర్లు

ఎపాక్సీ లెక్క ఎలా వచ్చిందంటే, చేత్తో పరిచే పనిలో గుడ్డ బరువుకి సమానంగా రెసిన్ పడుతుంది. ఇక్కడ గుడ్డ, టేప్ కలిపి తొమ్మిదిన్నర కిలోలు. ఫోమ్ రంధ్రాలు పూడ్చడానికి చదరపు మీటరుకి 200 గ్రాముల చొప్పున రెండు వైపులా ఇంకో 2.7 కిలోలు. మూలల గట్లు, లప్పం, గిన్నెల్లో వృథా కలిపితే 16 కిలోల దగ్గర ఆగుతుంది. అన్నీ బిగించాక క్యాప్ 50 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. కంపెనీ ఫైబర్‌గ్లాస్ క్యాపులు మామూలుగా 70 నుంచి 90 కిలోలు ఉంటాయి. మీ లెక్క 16 కిలోలు దాటి 22కి పోతోందంటే రెసిన్ గుడ్డలో కాదు, గుడ్డ మీద నిలుస్తోందని అర్థం.

కొలతలు ఎక్కడ తప్పుతాయి?

బెడ్ నలుచదరంగా ఉందనుకోవడంలో. చాలా ట్రక్కుల్లో బెడ్ గోడల పై అంచు సమతలంగా ఉండదు. వెనక్కి వచ్చేసరికి కొద్దిగా లేస్తుంది, లేదా మధ్యలో వంపు ఉంటుంది. ట్రక్కుని చదునైన నేల మీద నిలిపి, టెయిల్‌గేట్ (బెడ్ వెనక కిందికి తెరుచుకునే పలక) మూసి, ప్రతి 30 సెంటీమీటర్లకి వెడల్పు కొలవండి. రసమట్టం పెట్టి ఎత్తులు రాసుకోండి. రెండు కర్ణాలూ కొలిచి తేడా చూడండి. ట్రక్కే మీ మూసగా మారుతుంది కాబట్టి కాగితం మీది కొలత కంటే బెడ్ చెప్పే కొలతే ఖాయం.

ముందు గోడకీ క్యాబిన్‌కీ మధ్య కనీసం 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. క్యాబిన్, బెడ్ రెండూ ఛాసిస్ మీద వేర్వేరుగా కూర్చుని ఉంటాయి. గుంతల రోడ్డు మీద ఒకటి ఇటు, ఒకటి అటు ఊగుతాయి. క్యాప్ ఆనితే క్యాబిన్ పెయింటు లేచిపోతుంది, తర్వాత క్యాప్ మూల పగులుతుంది.

కింది అంచు ఎలా చేయాలి?

ఎక్కువ క్యాపులు చెడేది ఇక్కడే. ఫోమ్ మీద నేరుగా క్లాంపు బిగిస్తే అది నలిగి, నెల తిరిగేలోపు బిగువు వదులవుతుంది. అందుకే కింద చుట్టూ 2 అంగుళాల వెడల్పున ప్లైవుడ్ పట్టీ వేయాలి. అన్ని ముఖాలకీ ఎపాక్సీ పట్టించి, గుడ్డ పూర్తిగా చుట్టి మూసేయాలి. చెక్క తల ఒక్క చోట బయటపడినా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది, రెండు మూడేళ్లలో అంచు మెత్తబడుతుంది.

క్రమం ఇది. బెడ్ గోడల మీద మందపాటి పాలిథిన్ పరిచి, దాని మీద ప్యాకింగ్ టేప్ అంటించండి. ఎపాక్సీ దానికి అంటుకోదు. దాని మీద ప్లైవుడ్ పట్టీలు పెట్టి మూలలు కలపండి. బెడ్ అంచు వంపు తిరిగిన చోట పట్టీ కింద చిక్కటి ఎపాక్సీ లప్పం నింపితే అది బెడ్ ఆకారాన్నే పట్టుకుంటుంది. ఒక రాత్రి ఆగాక పట్టీ ఎక్కడా ఊగకుండా కూర్చుంటుంది. ఇప్పుడే గోడలు లేపాలి. గోడలు లేపాక అంచు సరిచేద్దామంటే కుదరదు.

పైకప్పు చదునుగా ఉంచితే ఏం పోతుంది?

నీళ్లు నిలుస్తాయి, ఎండకి కిందికి జారుతుంది, రోడ్డు మీద దడదడమంటుంది. మధ్యలో 3 సెంటీమీటర్ల ఉబ్బు ఇవ్వండి. ఫోమ్ అడుగు వైపు పొడవునా 7 సెంటీమీటర్లకొకటి చొప్పున సగం లోతు గాట్లు కోసి, చెక్క కమానుల మీద వంచి, గాట్లలో ఎపాక్సీ లప్పం నింపాలి. ఆరాక కమానులు తీసినా వంపు నిలుస్తుంది.

గుడ్డ పరిచే పద్ధతి వివరంగా చెప్పండి.

ఫోమ్ మీద ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచేయండి. నున్నటి చర్మం మీద ఎపాక్సీ సరిగా పట్టదు, 60 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేయండి. బయటి మూలలన్నీ కనీసం 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి గుండ్రంగా రుద్దండి. పదును మూల మీద గుడ్డ వంగదు, పైకి లేచి కింద గాలి పోగేస్తుంది. లోపలి మూలల్లో ఎపాక్సీ, సిలికా కలిపిన లప్పాన్ని స్పూను వెనక భాగంతో పుటాకారంగా దిద్దండి.

తర్వాత మైక్రోబెలూన్లు కలిపిన పల్చటి ముద్ద, పెరుగంత చిక్కగా, ఫోమ్ మీద గీకుడు పలకతో రాయాలి. రంధ్రాలు పూడాలి, అంతే. అది జిగటగా ఉండగానే కొలిచి కోసుకున్న గుడ్డ పరిచి, మధ్యలో ఎపాక్సీ పోసి అంచుల వైపు లాగండి.

ఇక్కడ కళ్లు పెట్టి చూడాలి. పొడి గుడ్డ పాలలా తెల్లగా ఉంటుంది. రెసిన్ తాగేకొద్దీ తెలుపు మాయమై గాజులా పారదర్శకమై, కింద ఫోమ్ రంగు కనిపిస్తుంది. అక్కడక్కడ తెల్ల మచ్చలు మిగిలితే అది పొడిగా ఉన్న చోటు, ఇంకాస్త రెసిన్ కావాలి. వెండి చుక్కల్లా మెరిస్తే అది గాలి, పలకతో నెట్టేయాలి. తడి మెరుపు మడుగులా కనిపిస్తే రెసిన్ ఎక్కువైంది, గీకి తీసేయాలి. సరిగా పరిచిన గుడ్డ మీద నేత గళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, మెరుపు మాత్రం ఉండదు.

రెండో పొర అదే రోజు, మొదటిది ఇంకా జిగటగా ఉండగానే వేయండి. అతుకుల దగ్గర 5 సెంటీమీటర్లు ఒకదాని మీదకొకటి రావాలి. చివర పీల్ ప్లై పరిచి వదిలేస్తే, మర్నాడు దాన్ని ఒలిచాక ఉపరితలం గరుకుగా తయారై ఉంటుంది. రుద్దుడు పని సగం తప్పుతుంది.

బయటి పొరలు ఆరి మూడు రోజులయ్యాక, అడ్డ కర్రలు బిగించి, నలుగురు కలిసి క్యాప్ ఎత్తి పాత పరుపుల మీద తిరగేసి లోపలి పొర వేయండి. అడ్డ కర్రలు మరవొద్దు. ఒక వైపే గ్లాస్ ఉన్న ఫోమ్ కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలిలోనే లోపలి పొర వేశారంటే అది శాశ్వతమైపోతుంది.

కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే పొగలు కక్కింది. ఎందుకు?

గట్టిపడేటప్పుడు ఎపాక్సీ వేడి పుట్టిస్తుంది. లోతైన గిన్నెలో అర కిలో ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేక చర్యని ఇంకా తొందర చేస్తుంది. ఒకసారికి 300 గ్రాములకి మించి కలపకండి. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయండి. 25 డిగ్రీల సెల్సియస్ పైన స్లో హార్డెనర్ వాడండి.

వారమైనా జిగటగానే ఉంది. ఇప్పుడేం చేయాలి?

పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలవలేదు. కొన్ని ఎపాక్సీలకి 2కి 1, కొన్నింటికి 3కి 1, కొన్నింటికి 5కి 1. డబ్బా మీద రాసిన పాళ్లు ఘనపరిమాణం లెక్కనా, తూకం లెక్కనా చూసుకోండి. రెండూ ఒకటి కావు. పాలియెస్టర్ అలవాటున్నవారు తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తారు. ఎపాక్సీకి అది పనిచేయదు, మిగిలిన హార్డెనర్ ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. అలాంటి పొరని గీకి తీసేయడం తప్ప మందు లేదు. దాని మీద ఇంకో పొర వేసి కప్పేయకండి.

ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తక్కువ ఉండడమే కారణమైతే మాత్రం గది వేడి చేసి చూడండి, గట్టిపడే అవకాశం ఉంది. ఉపరితలం మైనం రాసినట్టు జారుతుంటే అది వేరే సంగతి. తేమకి పైకి తేలిన అమైన్ పొర అది. నీళ్లు, గరుకు స్క్రబ్బర్‌తో కడగాలి. కడగకుండా రుద్దితే ఆ మైనాన్ని లోపలికి ఎక్కించినట్టే, పెయింటు లేచిపోతుంది.

గుడ్డ కింద బుడగలు లేచాయి.

పొద్దున మొదలుపెట్టి ఉంటారు. ఎండెక్కేకొద్దీ ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి తడి గుడ్డని పైకి నెడుతుంది. సాయంత్రం, వేడి తగ్గే వేళ పని మొదలుపెడితే అదే గాలి సంకోచించి రెసిన్‌ని లోపలికి లాగుతుంది. ఆరిపోయాక నాణెంతో చుట్టూ తట్టి చూడండి. పట్టిన చోట టక్కుమంటుంది, పట్టని చోట డొల్ల మోగుతుంది. డొల్ల అరచేతి కంటే చిన్నదైతే రెండు 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, సిరంజితో ఎపాక్సీ ఎక్కించి బరువు పెట్టండి. అంతకంటే పెద్దదైతే కోసి తీసి కొత్త గుడ్డ వేయాల్సిందే.

కిటికీలు, వెనక తలుపు ఎలా?

ఆర్‌వీలకి (ఇల్లులా వాడుకునే బళ్లు) వాడే, లోపలి నుంచి రింగుతో బిగించే కిటికీలు తేలిక. మీ గోడ మందానికి సరిపోయే రింగు కొనండి. రంధ్రం మూలలు గుండ్రంగా కోయాలి, పదును మూల నుంచే పగులు మొదలవుతుంది. కోశాక అంచు లోపల సెంటీమీటరు లోతున ఫోమ్ తవ్వి ఎపాక్సీ లప్పంతో నింపండి, లేకపోతే రింగు స్క్రూలు ఫోమ్‌ని నలిపేస్తాయి. సీలుకి బ్యూటైల్ టేప్ (జిగట రబ్బరు పట్టీ) వాడండి. సిలికోన్ ఒకసారి తగిలిన చోట పెయింటు మళ్లీ పట్టదు.

వెనక తలుపు టెయిల్‌గేట్ పై అంచు మీదుగా కొద్దిగా కిందికి దిగాలి. లోపల బల్బ్ రబ్బరు ఉంటే దుమ్ము రాదు. గ్యాస్ స్ట్రట్లు (తలుపుని ఎత్తి పట్టే గ్యాస్ కడ్డీలు) పట్టే చోట ఫోమ్ తీసి ప్లైవుడ్ ముక్క ముందే పాతుకోండి. కబ్జాల దగ్గరా అంతే.

నల్ల రంగు వేయొచ్చా? ట్రక్కు నల్లది.

వద్దు. దీని మీద మేం గట్టిగా చెప్తాం. ఎక్స్‌పీఎస్ సుమారు 74 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆకారం కోల్పోతుంది. గది వేడికే ఆరిన మామూలు ఎపాక్సీ అంతకంటే ముందే, 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో జూలై మధ్యాహ్నం నల్ల రేకు మీద చేయి పెట్టలేని సంగతి తెలిసిందే. నల్ల క్యాప్ అక్కడ వంపులు తిరుగుతుంది, గుడ్డ గళ్లు పెయింటులోంచి తేలతాయి. తెలుపు, లేత బూడిద, మీగడ రంగు మంచివి.

రంగు వేయకుండా వదిలేయడమూ కుదరదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకి ఎపాక్సీ పసుపు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. లప్పం రుద్దాక ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు భాగాల పాలీయురేథేన్ పెయింటు వేయండి. జెల్ కోట్ (పాలియెస్టర్ రకం రంగు పూత) మాత్రం ఎపాక్సీ మీద నమ్మకంగా పట్టదు.

మూడో బ్రేక్ లైటు తప్పనిసరా?

1993 సెప్టెంబరు 1 నుంచి తయారైన తేలికపాటి ట్రక్కులకి మధ్యలో ఎత్తున ఉండే బ్రేక్ లైటు అమెరికా ఫెడరల్ ప్రమాణం 108 ప్రకారం తప్పనిసరి. అది క్యాబిన్ వెనక పైభాగంలో ఉంటుంది. క్యాప్ పెడితే మరుగున పడుతుంది. కాబట్టి క్యాప్ వెనక పైన ఎల్‌ఈడీ లైటు పెట్టి, క్యాబిన్ మీది లైటు తీగ నుంచి కలుపుకోండి. కొత్త ట్రక్కుల్లో కంప్యూటర్ ఆ లైటు కరెంటుని కనిపెట్టి ఉంటుంది. నేరుగా కలిపితే తప్పుడు హెచ్చరిక రావచ్చు, రిలే మధ్యలో పెట్టడం క్షేమం. క్యాప్ దించేటప్పుడు తీయడానికి వీలుగా కనెక్టరు ఉంచండి.

పైన సామాను పెట్టుకోవచ్చా?

ర్యాక్ కాళ్లు దిగే చోట ముందే ఫోమ్ తీసి ప్లైవుడ్ పాతి, లోపల అడ్డంగా రెండు పక్కటెముకలు వేసుకుంటే నిచ్చెన, తేలికపాటి పడవ లాంటివి పెట్టుకోవచ్చు. మనుషులు ఎక్కకూడదు. మడమ ఒక్కచోట పడితే గ్లాస్ పగలకపోయినా కింద ఫోమ్ నలుగుతుంది, అక్కడి నుంచి పొర విడిపోతుంది. క్యాప్, ర్యాక్, సామాను అన్నీ డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో రాసిన పేలోడ్‌లోకే (బండి మోయగల బరువు) లెక్క.

వాన నీళ్లు కారుతున్నాయి. ఎక్కడి నుంచి?

పైకప్పు నుంచి కాదు. ముందు మూలల్లో రబ్బరు పట్టీ చివరలు కలిసే చోటు చూడండి, తర్వాత బెడ్ గోడల మీది స్టేక్ పాకెట్ రంధ్రాలు (కర్రలు నిలబెట్టడానికి ఉండే గుంటలు), తర్వాత టెయిల్‌గేట్ పక్క సందులు. లోపల ఒకరు టార్చితో కూర్చుని, బయట ఒకరు గొట్టంతో కింది నుంచి పైకి తడుపుతూ వస్తే పది నిమిషాల్లో దొరుకుతుంది. అంచు కింద అర అంగుళం మందం, అంగుళంపావు వెడల్పు ఉన్న ఈపీడీఎం (ఎండావానలకి తట్టుకునే రబ్బరు) నురుగు పట్టీ వేసి, ఆరు అల్యూమినియం క్లాంపులతో బిగించండి. నురుగు సగం మందానికి అణిగితే చాలు.

లోపల పడుకోవచ్చా? పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చా?

బండి నిలిపి, ఇంజన్ ఆపి, కిటికీలు తెరిచి పడుకోవచ్చు. నడిచే బండిలో బెడ్ మీద ఎవర్నీ కూర్చోబెట్టకండి. వెనక తలుపు ఎత్తి నడిపితే ట్రక్కు వెనక ఏర్పడే సుడిగాలి సైలెన్సర్ పొగని లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పడుకునే ఉద్దేశం ఉంటే బ్యాటరీతో పనిచేసే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం బిగించండి.

ఒంటికి జాగ్రత్తలు?

ఎపాక్సీ వాసన తక్కువ కాబట్టి ప్రమాదం తక్కువ అనుకుంటారు. పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి వచ్చిందంటే మళ్లీ జన్మలో ఎపాక్సీ ముట్టుకోలేరు. నైట్రైల్ గ్లవ్స్ మార్చుకుంటూ ఉండండి. చేతికి అంటితే అసిటోన్ వద్దు, అది రెసిన్‌ని పల్చన చేసి చర్మంలోకి పంపుతుంది. గుడ్డతో తుడిచి సబ్బుతో కడగండి. గ్లాస్ రుద్దేటప్పుడు పీ100 మాస్కు (సన్నటి దుమ్మునీ ఆపే రకం), పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకండి, దురద అందరికీ పంచినట్టవుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇది చేయవచ్చా?

ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి వాటికి ఇదే పద్ధతి నడుస్తుంది. అక్కడ దీన్ని కెనోపీ అంటారు. అయితే ఇండియాలో ఫైబర్ పనివాళ్లు వాడేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్, కోబాల్ట్ (ఆరడాన్ని తొందర చేసేది), ఎంఈకేపీ (గట్టిపరిచేది). థర్మాకోల్ మీద అది పనికిరాదు, పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ పలకలు తీసుకోండి. కోబాల్ట్‌నీ ఎంఈకేపీనీ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకండి, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో పూర్తిగా కలిపాకే ఎంఈకేపీ వేయాలి. ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు తీయొద్దు. మే నెల ఎండలో రెసిన్ నిమిషాల్లో గడ్డకడుతుంది, తెల్లవారుజామున పని ముగించుకోండి. వానాకాలంలో తేమ పీల్చిన మ్యాట్ మీద రెసిన్ సరిగా పట్టదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. శాశ్వతంగా బిగించే ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో అడగండి.

బిగించాక ఏమైనా చూసుకోవాలా?

మొదటి 100 మైళ్లకి క్లాంపులు మళ్లీ బిగించండి, నురుగు పట్టీ అణిగి వదులవుతాయి. అలా అని విరగబిగిస్తే బెడ్ అంచు వంగుతుంది. తర్వాత ఆర్నెల్లకోసారి క్లాంపులు, కబ్జాలు చూసి, నాణెంతో పైకప్పు చుట్టూ తట్టండి. పెయింటు గీరుకుపోయి గ్లాస్ కనిపిస్తే ఆ వారంలోనే రంగు పూయండి. ప్లైవుడ్ అంచు దగ్గర గీరుకుంటే ఆ రోజే ఎపాక్సీ రాయండి.